మోకాలి గడ్డకు మర్దన ముప్పు
ప్రకృతి వైద్యం తోడుగా ఉండవచ్చు గాని, మందుకు బదులు కాదు

హైదరాబాదులో అమీర్‌పేట మెట్రో స్టేషన్ నుంచి పంజగుట్ట స్టేషన్ ఒక్క స్టాపు దూరం. నడిచినా అరగంట పట్టదు. మునుగోడు ప్రాంతానికి చెందిన ఒక పత్తి రైతు కుటుంబానికి మాత్రం ఆ దూరం దాటడానికి ఆరు వారాలు పట్టింది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న వారి కుమారుని మోకాలిపైన నిమ్మకాయంత ఉన్న గడ్డ ఆ ఆరు వారాల్లో బత్తాయంత అయింది.

ఆ కుర్రవానిది ఎముకలో పుట్టే అరుదైన క్యాన్సర్. ఆస్టియోసార్కోమా అంటారు. ఈ జబ్బు వచ్చినవారికి మందు దొరకకపోవడం ఒక కష్టమైతే, దొరికే మందు దగ్గరకు వేళకు చేరకపోవడం మరో కష్టం. జిల్లా నుంచి నగరానికి వెళ్ళే రోగుల కుటుంబాలు ఎక్కువగా రెండో కష్టంలోనే చిక్కుకుంటున్నాయి. నాటు వైద్యం, ప్రకృతి వైద్యం, హోమియో, పసర్లు, పథ్యాలు ఎంతవరకు పనికివస్తాయి, ఎక్కడ ముప్పు తెస్తాయి అన్నది తెలిస్తే ఆ కష్టం చాలావరకు తప్పుతుంది.

ఫ్లోరైడు నొప్పి అనుకున్నారు

కుర్రవానికి నొప్పి మొదలైంది వానకాలంలో. కబడ్డీ ఆడతాడు కనుక ఎక్కడో దెబ్బ తగిలిందనుకున్నారు. మర్రిగూడ, మునుగోడు వైపు కాళ్ళ నొప్పి, కీళ్ళ నొప్పి అంటే ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేది ఫ్లోరైడు నీళ్ళే. నాయనమ్మ కూడా అదే అన్నది. నాలుగు వారాలు అలా గడిచాయి.

తరువాత ఊళ్ళో కట్టు కట్టే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళారు. ఆయన పసరు వేసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. మూడు వారాలు రోజూ తైలం రుద్దారు. వాపు తగ్గలేదు సరికదా, రాత్రిపూట నొప్పికి కుర్రవాడు నిద్రపోవడం మానేశాడు. ఆర్‌ఎంపీ ఇచ్చిన సూదితో ఒక పూట తగ్గేది, మళ్ళీ వచ్చేది. చివరకు నల్గొండలో ఎక్స్‌రే తీయించగా, చూసిన డాక్టరు ఆలస్యం చేయకుండా హైదరాబాదు వెళ్ళమన్నాడు.

నగరంలో ఒక పెద్ద ఆస్పత్రిలో స్కానింగులు చేసి, గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి జబ్బు పేరు చెప్పారు. ముందు రెండు మూడు నెలలు క్యాన్సర్ మందులు ఎక్కించాలనీ, తరువాత ఆపరేషన్ అనీ, వీలైతే కాలు ఉంచి ఎముక మాత్రమే తీసి లోహపు కీలు అమరుస్తామనీ, వీలు కాకపోతే కాలు తీయవలసి రావచ్చుననీ వివరించారు. ఇంత చెప్పినా ఆ తల్లిదండ్రుల చెవిలో నిలిచింది చివరి మాట ఒక్కటే.

"కాలు తీస్తమంటే ఏ తండ్రి ఒప్పుకుంటడు? కోత లేకుండ తగ్గుతదని ఒకరు చెప్పిండ్రు. నమ్మబుద్ధయింది" అని ఆ రైతు తరువాత అన్నాడు.

ఆ రాత్రి వారు బస చేసింది అమీర్‌పేటలో. కుర్రవాని మేనమామ అక్కడ ఒక హాస్టల్ మెస్సులో వంట పని చేస్తాడు. మరునాడే ఎవరో ఒక కరపత్రం తెచ్చి ఇచ్చారు. కోత లేదు, సూది లేదు, మూడు నెలల్లో గడ్డ కరుగుతుంది అని అందులో ఉంది. ఆ కోర్సుకు 60 వేల రూపాయలు. పత్తి మీద తెచ్చిన అప్పులో నుంచి ఆ డబ్బు కట్టారు.

అరుదైన జబ్బు, ఎరుగని లక్షణం

మన ఊళ్ళలో క్యాన్సర్ అంటే నోటిది, రొమ్ముది, గర్భసంచిది. ఎముకలో పుట్టే క్యాన్సర్ ఒకటి ఉంటుందని చాలామందికి తెలియదు. ఏటా పది లక్షల జనాభాలో ముగ్గురు నలుగురికి మించి రాని జబ్బు ఇది. ఊరి వైద్యుడు జీవితకాలంలో ఒక్కరిని కూడా చూసి ఉండకపోవచ్చు. కనుక ఆయన గుర్తుపట్టలేదని తప్పు పట్టడానికి లేదు.

ఇది ఎక్కువగా 10 నుంచి 20 ఏళ్ళ లోపు పిల్లలకు, ఒళ్ళు గబగబా ఎదిగే వయసులో వస్తుంది. మోకాలికి కాస్త పైన గాని, కాస్త కింద గాని, భుజం దగ్గర గాని మొదలవుతుంది. దెబ్బ వల్ల ఈ జబ్బు రాదు. దెబ్బ తగిలినప్పుడు ఆ చోట చూసుకోవడం వల్ల అప్పటికే ఉన్న వాపు బయటపడుతుంది, అంతే.

ఫ్లోరైడు నొప్పికీ దీనికీ తేడా ఉంది. ఫ్లోరైడు వల్ల నొప్పులు ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతాయి, వెన్ను, మెడ, రెండు కాళ్ళు పట్టేస్తాయి. ఇది అలా కాదు. ఒక్క కాలులో, ఒక్కచోట నొప్పి, కొద్ది వారాల్లోనే పెరిగే వాపు, పడుకున్నా తగ్గని నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటాయి. ఈ నాలుగింటిలో ఏది కనిపించినా ముందు ఎక్స్‌రే తీయించుకోవాలి. దానికి అయ్యే ఖర్చు ఒక పూట కూలి.

కట్టు విరిగిన ఎముకకే

ఎముకల కట్టు అంటే తిరుపతి జిల్లా పుత్తూరు పేరు తెలుగునాట తెలియనివారు లేరు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే ఆ కట్టు కోసం పొరుగు రాష్ట్రాల నుంచి కూడా వచ్చేవారున్నారు. మన జిల్లాలోనూ ఆ విద్య వంశపారంపర్యంగా ఉన్న కుటుంబాలున్నాయి. విరిగిన ఎముక కదలకుండా ఉంటే దానంతట అదే అతుక్కుంటుంది. కట్టు చేసే పని ఆ కదలకుండా ఉంచడమే. ఎముకలో గడ్డ పెరుగుతున్నప్పుడు మాత్రం అతకడానికి అక్కడ ఏమీ లేదు.

అంతేకాదు, ఆ గడ్డను గట్టిగా రుద్దడం, పిసకడం, కాపడం పెట్టడం ప్రమాదకరం. క్యాన్సర్ పట్టిన ఎముక గుల్లబారి ఉంటుంది. ఒత్తిడికి విరగవచ్చు. విరిగితే లోపలి రక్తంతో పాటు క్యాన్సర్ కణాలు చుట్టూ ఉన్న కండలోకి పాకుతాయి. అప్పుడు కాలు ఉంచి ఎముక మాత్రమే తీసే అవకాశం తగ్గుతుంది. ఈ జబ్బు రక్తం ద్వారా పాకే మొదటి చోటు ఊపిరితిత్తులు. మర్దన చేసి చేసి వచ్చిన పిల్లలకు చికిత్స కష్టమవుతోందని ఎముకల క్యాన్సర్ వైద్యులు చాలాకాలంగా చెబుతూ వస్తున్నారు.

ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం కూడా ఊళ్ళలో ఉంది. సూదితో చిన్న ముక్క తీయనిదే ఏ జబ్బో తెలియదు, ఏ మందు ఇవ్వాలో తెలియదు. అయితే ఆ పరీక్షను తరువాత ఆపరేషన్ చేయబోయే ఆస్పత్రిలోనే చేయించుకోవడం మంచిది. సూది పోయిన దారిని కూడా ఆపరేషన్‌లో తీసివేయాలి కనుక, ఆ దారి ఎక్కడ ఉండాలో ఆపరేషన్ చేసే డాక్టరే నిర్ణయించాలి.

ఆశ ఎంత

అసలు మందు తీసుకుంటే ఫలితం ఎంత అన్న ప్రశ్న సహజం. ఈ జబ్బుకు కాలు తీయడం తప్ప మరో మార్గం లేని రోజుల్లో, అంటే 1970లకు ముందు, అయిదుగురిలో ఒక్కరు కూడా బతికేవారు కాదు. క్యాన్సర్ మందులు వచ్చిన తరువాత, జబ్బు ఇంకా ఊపిరితిత్తులకు పాకక ముందే చేరినవారిలో, మంచి చికిత్స అందిన చోట, పదిమందిలో ఆరేడుగురు అయిదేళ్ళు దాటి బతుకుతున్నారు. ఊపిరితిత్తులకు పాకిన తరువాత చేరితే ఆ లెక్క ఇద్దరు ముగ్గురికి పడిపోతుంది. ఆలస్యం చేసే నష్టం ఇదే.

కెనడాకు చెందిన టెర్రీ ఫాక్స్ అనే యువకునికి 1977లో, 18 ఏళ్ళ వయసులో ఇదే జబ్బు వచ్చి కుడికాలు తీసివేశారు. అతడు 1980లో కృత్రిమ కాలుతో 143 రోజుల పాటు 5,373 కిలోమీటర్లు పరుగెత్తి క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు పోగు చేశాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకి 1981 జూన్‌లో మరణించాడు. ఆనాటికీ నేటికీ మందులు ఎంతో మెరుగుపడ్డాయి. చాలామంది పిల్లలకు ఇప్పుడు కాలు తీయకుండానే ఆపరేషన్ చేయగలుగుతున్నారు. తీయవలసి వచ్చినా 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు, డాక్టర్ సేథీ కలిసి రూపొందించిన జైపూర్ పాదం వంటివి ఉన్నాయి. చెప్పులు లేకుండా నడవడానికి, గొంతుక్కూర్చోవడానికి వీలుగా మన పల్లె జీవనం కోసమే చేసిన పాదం అది.

అమీర్‌పేటలో దొరికేది ఏమిటి

అమీర్‌పేట, బల్కంపేట ప్రాంతం వైద్యానికి పాత చిరునామా. అక్కడి ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం, దానికి అనుబంధంగా ఉన్న గాంధీ ప్రకృతి వైద్య కళాశాల తెలుగువారందరికీ తెలిసినవే. మట్టి పట్టీలు, తొట్టి స్నానం, ఆవిరి స్నానం, మర్దన, పథ్యాహారం, ఉపవాసం, యోగాసనాలు అక్కడి పద్ధతులు. బీపీ, షుగర్, ఊబకాయం, కీళ్ళ నొప్పులు ఉన్నవారు అక్కడికి ఎక్కువగా వెళ్తుంటారు. కాస్త దూరంలో ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆస్పత్రి ఉంది. ఇవి కాక అమీర్‌పేట, పంజగుట్ట వీధుల్లో హోమియో క్లినిక్కులు, మూలికల దుకాణాలు, యోగా కేంద్రాలు అనేకం. బల్కంపేట ఎల్లమ్మకు మొక్కుకునే రోగుల బంధువులు కూడా తక్కువేమీ కాదు.

వీటిలో దేనినీ కొట్టిపారేయనవసరం లేదు. దేనికి ఏది అన్నదే తెలియాలి. క్యాన్సర్ మందులతో పాటు తోడుగా చేసుకునేవి ఒక రకం. మందు మానేసి వాటికి బదులుగా చేసేవి మరో రకం. పేరు ఒకటే అయినా ఈ రెంటి ఫలితం వేరు.

తోడుగా పనికివచ్చేవి ఉన్నాయి. క్యాన్సర్ మందులు ఎక్కించే రోజుల్లో వచ్చే నీరసానికి, దిగులుకు, నిద్రలేమికి తేలికపాటి యోగా, ప్రాణాయామం, ధ్యానం మేలు చేస్తాయని అనేక దేశాల్లో జరిగిన పరిశీలనల్లో తేలింది. వాంతులకు డాక్టరు ఇచ్చే మాత్రలతో పాటు ఆక్యుపంక్చర్ కొందరికి ఉపశమనం ఇస్తుంది. కాలు తీసినవారిలో చాలామందికి లేని కాలు నొప్పి పుడుతుంది. దానికి అద్దం ఎదుట ఉన్న కాలును ఆడిస్తూ చేసే అభ్యాసాన్ని 1990లలో మద్రాసులో వైద్యం చదివిన వి.ఎస్. రామచంద్రన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. ఖర్చు ఒక అద్దం. గుడికి వెళ్ళడం, మొక్కు చెల్లించడం ఇంటిల్లిపాదికీ ధైర్యం ఇస్తుంది. మొక్కు తీర్చుకుని మరుసటి బండికి ఆస్పత్రికి వెళ్ళినంతకాలం దానివల్ల నష్టం లేదు.

తోడుగా చేసుకున్నా జాగ్రత్త పడవలసినవీ ఉన్నాయి. క్యాన్సర్ రోగికి ఉపవాసం పనికిరాదు. ఒంట్లో బలం తగ్గితే మందు తట్టుకోలేడు. పప్పు, గుడ్డు, పాలు, అన్నం, మాంసం తినేవారైతే మాంసం బాగా పెట్టాలి. మందు ఎక్కించిన వారం పది రోజులకు రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. ఆ రోజుల్లో ఎనిమా, పచ్చి రసాలు, చర్మంపై పుండ్లు ఉంటే మట్టి పట్టీలు ప్రమాదం. ఆ సమయంలో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఇంటి వైద్యం చేయకుండా రాత్రయినా ఆస్పత్రికి తీసుకుపోవాలి. గడ్డ ఉన్న చోట మర్దన ఏ దశలోనూ కూడదు.

బలం మందే బెడిసికొడితే

క్యాన్సర్ మందులు జరుగుతుండగా డాక్టరుకు చెప్పకుండా బలానికని టానిక్కులు, పొడులు, రసాలు వాడేవారు చాలామంది. దీనిలోని ప్రమాదం తెలియాలంటే ఒక తెలుగువాని కథ చెప్పుకోవాలి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివారు. చదువు ముగిశాక అక్కడే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం బోధించారు. 1923లో అమెరికా వెళ్ళారు. రక్తహీనతకు మందైన ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం తయారు చేసింది. అది బలాన్నిచ్చే విటమిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఆ రకం విటమిన్ ఇచ్చి చూడగా జబ్బు తగ్గకపోగా మరింత వేగంగా పెరిగింది. ఒంటికి బలమైనది గడ్డకూ బలమైంది. దాంతో ఆ విటమిన్‌ను అడ్డుకునే మందులను సుబ్బారావు బృందం తయారు చేసింది. ఫార్బర్ వాటిని వాడి 1948లో మొదటి ఫలితాలు ప్రకటించారు. ఆ వరుసలోనిదే మెథోట్రెక్సేట్. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు.

మోకాలి ఎముక క్యాన్సర్‌కు నేటికీ ఎన్నో చోట్ల ఇచ్చే మూడు ముఖ్యమైన మందుల్లో ఈ మెథోట్రెక్సేట్ ఒకటి. దానిని చాలా పెద్ద మోతాదులో ఎక్కించి, గంటలు లెక్కపెట్టి విరుగుడు మందు ఇస్తారు. ఆ మందు జరుగుతున్న పిల్లవానికి ఇంట్లో ఫోలిక్ యాసిడ్ ఉన్న టానిక్ తాగిస్తే మందు పని దెబ్బతింటుంది. అలాగే డాక్టరు చెప్పని నొప్పి మాత్రలు వేస్తే మెథోట్రెక్సేట్ ఒంట్లో నిలిచిపోయి విషమవుతుంది. తల్లి ప్రేమతో పట్టించిన టానిక్ అయినా, తండ్రి కొనుక్కొచ్చిన మాత్ర అయినా ముందు డాక్టరుకు చూపించాలి. తిడతారన్న భయంతో దాచిపెడితే నష్టపోయేది పిల్లవాడే.

మరో మందు సిస్‌ప్లాటిన్. అది మూత్రపిండాల మీద భారం వేస్తుంది. కొన్ని రకాల భస్మాలు, రసాయన మందుల్లో పాదరసం, సీసం ఉంటాయి. అమెరికాలో బోస్టన్ పరిసరాల దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా 14లో సీసం గాని, పాదరసం గాని, ఆర్సెనిక్ గాని ఉన్నట్టు 2004లో వెల్లడైంది. ఇవి కూడా మూత్రపిండాలను దెబ్బతీసేవే. రెండు భారాలు ఒక్కసారి మోపితే చికిత్స మధ్యలో ఆపవలసి వస్తుంది.

చెట్టు మందు కాదా

మూలికల్లో మందు లేదా అని అడిగేవారికి జవాబు మన పెరట్లోనే ఉంది. బిళ్ళగన్నేరు పూలు మన ఇళ్ళ ముందు పూస్తాయి. షుగర్‌కు పనికివస్తుందన్న నాటు వైద్యపు మాట విని ఆ ఆకును పరీక్షించిన కెనడా శాస్త్రవేత్తలు అది రక్తంలో తెల్లకణాలను తగ్గిస్తోందని గమనించారు. 1958 నాటికి దాని నుంచి విన్‌బ్లాస్టిన్, తరువాత విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు వచ్చాయి. పిల్లలకు వచ్చే మరో ఎముక క్యాన్సర్ అయిన యూయింగ్ సార్కోమాకు విన్‌క్రిస్టిన్ నేటికీ ముఖ్యమైన మందు.

అయితే ఆ ఆకు నమిలితే క్యాన్సర్ తగ్గదు. పెద్ద పెద్ద కుప్పల ఆకు నుంచి తీస్తే గ్రాముల్లో మందు వస్తుంది. దానిని కొలిచి నరంలోకి ఎక్కిస్తారు. కొలత తప్పితే నరాలు దెబ్బతింటాయి. ఆకు పసరు తాగితే మందు ఎంత లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు.

ఇటీవల చాలా ప్రచారంలో ఉన్నది లక్ష్మణఫలం. దానిలో నరాలకు హాని చేసే పదార్థం ఉంది. ఆ పండు, ఆకు కషాయం ఎక్కువగా వాడే గ్వాడెలూప్ దీవిలో వణుకుడు రోగం వంటి జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని 1999లో వైద్యులు గుర్తించారు. నేరేడు జాతి కాని సీమ పండ్లలో ఆప్రికాట్ గింజల నుంచి తీసే లేట్రైల్ అనే మందును అమెరికాలో 178 మంది క్యాన్సర్ రోగులపై పరీక్షించి, గుణం లేదని, కొందరిలో సైనైడు విషం కనిపించిందని 1982లో ప్రకటించారు. పసుపు కూరలో ఎంతైనా వాడుకోవచ్చు. క్యాన్సర్ గడ్డను కరిగిస్తుందన్న మాటకు మాత్రం ఇంతవరకు రుజువు లేదు.

డబ్బున్నవారికీ ఇదే తప్పు

ఇది చదువు లేని పల్లెటూరివారు చేసే తప్పు అనుకుంటే పొరపాటు. ఐఫోన్ తయారు చేసిన ఆపిల్ కంపెనీ వ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్‌కు 2003 అక్టోబరులో క్లోమంలో అరుదైన గడ్డ ఉన్నట్టు తేలింది. ఆపరేషన్ చేయించుకోమని డాక్టర్లు చెప్పినా ఆయన తొమ్మిది నెలలు పథ్యాలతో, మూలికలతో, ఆక్యుపంక్చర్‌తో గడిపి 2004 జూలైలో గాని ఒప్పుకోలేదు. 2011 అక్టోబరులో మరణించారు. ముందే చేయించుకుని ఉంటే ఎంతకాలం బతికేవారో ఎవరూ చెప్పలేరు. ఆలస్యం చేసినందుకు ఆయన తరువాత విచారించారని జీవిత చరిత్ర రాసిన రచయిత పేర్కొన్నారు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు మామూలుగా కనిపించే నాలుగు రకాల క్యాన్సర్లలో, అసలు మందు మానేసి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే చేయించుకున్న 281 మందిని మందులు వాడినవారితో పోల్చి చూశారు. మానేసినవారిలో మరణించే ప్రమాదం రెండున్నర రెట్లు ఉన్నట్టు 2018లో ప్రచురించారు. వీరెవరికీ మొదట్లో జబ్బు దూరం పాకలేదు. అంటే నయమయ్యే దశలో ఉన్నవారే ఎక్కువగా నష్టపోయారు.

కరపత్రం నేరమే

క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నిషేధం. మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం అది. ఏ పద్ధతి వైద్యానికైనా అది వర్తిస్తుంది. కనుక కరపత్రం మీద క్యాన్సర్‌కు గ్యారంటీ అని ఉంటే అక్కడే అనుమానించాలి. పాత ఆస్పత్రి కాగితాలు చూడనక్కరలేదు అనేవారు, మందు పేరు రాసి ఇవ్వనివారు, ఇంగ్లీషు మందు మానితేనే మా మందు పనిచేస్తుంది అనేవారు, డబ్బు మొత్తం ముందే కట్టమనేవారు ఎవరైనా వారి గడప దాటి రావడమే మేలు. చదువుకున్న ఆయుర్వేద, హోమియో, ప్రకృతి వైద్యులు క్యాన్సర్ మందు మానేయమని చెప్పరు.

వెళ్ళే దారి

జిల్లా నుంచి బస్సులో మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగినవారు అక్కడే మెట్రో ఎక్కి, మియాపూర్ వైపు వెళ్తే క్యాన్సర్ వైద్యం దొరికే చోట్లు వరుసగా వస్తాయి. లక్డీకాపూల్‌లో దిగితే రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి దగ్గర. ఇర్రంమంజిల్ లేదా పంజగుట్టలో దిగితే నిమ్స్. 1960లలో నిజాం ట్రస్టు ఎముకల ఆస్పత్రిగా మొదలై తరువాత నిమ్స్‌గా మారినది ఇదే. బంజారాహిల్స్‌లో 2000 నుంచి బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఆ తరువాతి స్టేషన్ అమీర్‌పేట. అంటే ప్రకృతి వైద్యం దాకా వెళ్ళే బండి క్యాన్సర్ ఆస్పత్రుల మీదుగానే పోతుంది. ముందు వాటి వద్ద దిగడం మరచిపోకూడదు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. క్యాన్సర్ మందులు, ఆపరేషన్లు అందులో ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్, ఎక్స్‌రే, స్కానింగ్ కాగితాలు, ముక్క పరీక్ష రిపోర్టు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెళ్ళి, ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలవాలి.

మేనమామ మాట

పత్తి రైతు కుటుంబాన్ని కదిలించినది చివరకు కుర్రవాని మేనమామ. ఒక రాత్రి మెస్సు పని ముగించుకుని వచ్చి, నొప్పికి మూలుగుతున్న మేనల్లుణ్ణి చూసి, "బావా, గడ్డ పెరుగుతున్నది. పైసలు పోతే మళ్ళ సంపాదించుకుంటం. పిల్లగాడు పోతే ఎట్ల? రేపు పొద్దుగాల పోదాం, నడువు" అన్నాడు. ఆ తెల్లవారి ముగ్గురూ ఆటో ఎక్కి పాత కాగితాలతో మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరు తిట్టలేదు. ఇన్నాళ్ళూ ఏమేం వాడారో అడిగి అన్నీ రాసుకుని, మళ్ళీ ఛాతీ స్కానింగ్ చేయించి, అదే వారం మందు మొదలుపెట్టాడు.

ఊపిరితిత్తుల్లో అప్పటికి ఏమీ కనిపించలేదు. మూడు నెలల మందుల తరువాత ఆపరేషన్ జరిగింది. గడ్డ రక్తనాళాన్ని చుట్టుకుని ఉన్నందువల్ల కాలు ఉంచడం సాధ్యం కాలేదు. ఆరు వారాల ముందు వస్తే ఉండేదా అని తండ్రి అడిగితే, అది ఇప్పుడు చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ మాట ఆ తండ్రిని ఇంకా బాధిస్తూనే ఉంది. కుర్రవానికి మిగిలిన మందులు జరుగుతున్నాయి. పొద్దున్నే తల్లి పక్కన కూర్చుని ప్రాణాయామం చేస్తాడు. అద్దం పెట్టుకుని కాలు ఆడిస్తాడు. డాక్టరును అడిగే చేస్తున్నారు. వచ్చే ఏడాది పరీక్షలు రాస్తానంటున్నాడు.

ఊళ్ళో కట్టు కట్టే వైద్యునికి ఈ సంగతి తెలిసి రెండు రోజులు కట్టు కట్టలేదట. ఇప్పుడు ఎవరైనా పిల్లవాణ్ణి మోకాలి వాపుతో తీసుకువస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న మారింది. "రాత్రిపూట నొప్పి లేపుతున్నదా? అయితే ముందు నల్గొండ పోయి ఫొటో తీపిచ్చుకొని రా. విరిగిందని ఉంటే నేను కడత" అంటున్నాడు. గత రెండు నెలల్లో ఇద్దరిని అలా పంపాడు. ఇద్దరివీ మామూలు దెబ్బలే అని తేలింది. తిరిగి వచ్చాక ఆయనే కట్టు కట్టాడు.